విడిపోవాలంటే కోర్టు మెట్లే ఎక్కాలా?

జుమా నమాజు ముగించుకొని బయటికి వస్తుండగా పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచారు. "హజ్రత్, బిడ్డ పుట్టింటికి వచ్చి రెండేళ్లయింది. ఇక ఆ ఇంటికి పోనంటోంది. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుందంటున్నారు. వేరే దారి లేదా?" అన్నారు. తిరుపతిలోనూ, చిత్తూరులోనూ ఈ ప్రశ్న మాకు కొత్త కాదు.

దారి ఉంది. షరీఅత్ చూపిన మొదటి దారే అది. దంపతుల మధ్య చీలిక భయం కలిగినప్పుడు అటునుంచి ఒకరిని, ఇటునుంచి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమని దివ్యఖురాన్ నిసా సూరా 35వ ఆయతు ఆదేశిస్తోంది. తగిన కారణం లేకుండా, ఈ సయోధ్య యత్నం జరగకుండా ఇచ్చే తలాఖ్ చెల్లదని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇక ఒక్క ఊపున మూడు తలాఖ్‌లు చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు సరికదా, మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం.

మధ్యవర్తులు కూర్చున్నా మనసులు కలవకపోతే? ఇద్దరూ ఇష్టపడి విడిపోతే అది ముబారాత్. భార్య కోరితే ఖులా. హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య, భర్త నడవడిలో తప్పెంచకుండానే, ఆయనతో కాపురం చేయలేనని ప్రవక్త (స) వారికి విన్నవించుకున్నారు. మహర్‌గా పొందిన తోట తిరిగి ఇచ్చి విడిపోయారు. ఖులా భార్య హక్కని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు సైతం తీర్పునిచ్చింది.

అయితే ఇక్కడే మనవాళ్లు పొరబడుతున్నారు. ముఫ్తీ గారి మాట సలహా మాత్రమేనని అదే తీర్పు చెప్పింది. ప్రైవేటు సంస్థలిచ్చే ఖులా పత్రాలు చెల్లవని 2023లో మద్రాసు హైకోర్టు తేల్చింది. వేలూరు, ఆంబూరు వైపు సంబంధాలు కలుపుకున్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఒక్క జమాత్ కాగితాన్ని నమ్ముకుంటే, రేపు భర్త కాదన్ననాడు ఆ అమ్మాయి గతేమిటి?

కాబట్టి ఒప్పందాన్ని వివరంగా రాయించండి. విడిపోయిన తేదీ, మహర్, జహేజ్ సామాను, బంగారం, ఇద్దత్ ఖర్చు, పిల్లల పోషణ అన్నీ అందులో ఉండాలి. ఇరువురి సంతకాలు, సాక్షుల సంతకాలు తప్పనిసరి. తరువాత చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. విడాకులు మంజూరు చేయడం లోక్ అదాలత్ పని కాదు. కానీ భరణం, సామాను, పిల్లల విషయంలో అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. దానిపై అప్పీలు ఉండదు. విడిపోయామన్న సంగతిపైనే పేచీ వస్తే మాత్రం ఫ్యామిలీ కోర్టు చేత ప్రకటింపజేసుకోవాలి. ఆనాడు ఈ కాగితమే సాక్ష్యమవుతుంది.

ఒక హెచ్చరిక. కొట్టి హింసించే ఇంటి విషయంలో, భర్త జాడే లేని విషయంలో పంచాయితీల పేరిట కాలయాపన చేయరాదు. అక్కడ చట్టమే శరణ్యం. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం అలాంటి స్త్రీల కోసమే ఉంది.

అంతా విన్న ఆ తండ్రిని మేము ఒక్కటే అడిగాము: "ఇన్ని పంచాయితీలు చేశారు గదా, ఒక్కదాంట్లోనైనా అమ్మాయిని కూర్చోబెట్టి నీ మాటేమిటని అడిగారా?" ఆయన తల దించుకున్నారు. మరుసటి శుక్రవారం బిడ్డను వెంటబెట్టుకొని వచ్చారు.