చేతికొద్దీ గొడ్డలి

'గోటితో పోయేదానికి గొడ్డలెందుకు' అంటారు పెద్దలు. నిజమే. మరి గొడ్డలే కావాల్సిన చోట ఎంత గొడ్డలి కావాలి? పెద్దదైతే పని తొందరగా తెమిలిపోతుందనుకుని బరువైనదే కొనేస్తాం. పది దెబ్బలకే భుజం లాగేస్తుంది. పదకొండోది గురి తప్పుతుంది. గురి తప్పిన గొడ్డలికి కట్టె ఏదో కాలు ఏదో తెలియదు!

నిజామాబాద్‌ జిల్లా భీమ్‌గల్‌నే తీసుకోండి. కార్తీకమాసం వస్తే లింబాద్రి గుట్ట లక్ష్మీనరసింహస్వామి జాతర, చెట్ల కింద వంటలు. మూడు రాళ్ల పొయ్యికి కావాల్సింది సన్నటి పుల్లలు. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకాలు. తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టాలి. ఆవిరి బాయిలర్లు వచ్చాక ఆ పని సులువైంది కానీ, కడాయి పెట్టి ఉడికిస్తే ముప్పావుగంట నుంచి గంట దాకా మంట తగ్గకూడదు. దానికి లావుపాటి మొద్దుల్ని చీల్చాలి. ఊరొకటే, కట్టెలూ కట్టెలే... అయినా ఈ రెండు పనులకీ ఒకే గొడ్డలి సరిపోదు.

బరువా... వేగమా?

గొడ్డలి తల బరువు రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. అదే వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. అంటే మోయలేని గొడ్డలిని మెల్లగా దించేకన్నా, చేతికి అమరినదాన్ని చురుగ్గా విసిరితేనే లాభం. అలాగని మరీ తేలికైనదీ పనికిరాదు. ముడులున్న మొద్దుని చీల్చాలంటే బరువు ఉండాల్సిందే.

పనిని బట్టి స్థూలంగా మూడు సైజులు అనుకోవచ్చు. పుల్లలు కొట్టడానికీ, వనభోజనాలకూ, అడవిలో రాత్రి గడిపే శిబిరాలకూ తల బరువు 500 నుంచి 700 గ్రాములు, మొత్తం పొడవు 14 నుంచి 18 అంగుళాలు ఉంటే చాలు. చేతిమందం కొమ్మల్ని కొట్టాలంటే కిలో తల, రెండడుగుల కామ కావాలి. మొద్దులు కొట్టడానికి కిలోన్నర, ఆపైన తల... 30 నుంచి 36 అంగుళాల కామ.

చిన్న గొడ్డలి మీకు సరిపోతుందో లేదో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. కామ చివర పట్టుకుని చెయ్యి ముందుకు చాచండి. పది అంకెలు లెక్కపెట్టేలోగా మణికట్టు వాలిపోతే అది మీకు బరువెక్కువే.

ఇంతకీ టొమహాక్‌ ఏంటి?

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి 'క్యాంపింగ్‌ టొమహాక్‌' అన్న పేరు కనిపిస్తుంటుంది. ఈ మాట ఉత్తర అమెరికా ఆదివాసుల ఆల్గాంకియన్‌ భాషలది. 17వ శతాబ్దంలో ఐరోపా వర్తకుల రాకతో దానికి ఇనుప తల వచ్చింది. కామ పైన లావుగా, కింద సన్నగా ఉంటుంది. తలని కింది నుంచి పైకి తొడుగుతారు. విసిరేకొద్దీ అది బిగుసుకుంటుంది. మన దగ్గర పికాసుకి కర్ర తొడిగేదీ ఇలాగే. అడవిలో కామ విరిగినా మరో కర్ర చెక్కి తొడుక్కోవచ్చు. సంచిలో బరువూ ఉండదు. కానీ పలుచటి తల కాబట్టి పుల్లలకే తప్ప మొద్దులు చీల్చడానికి పనికిరాదు.

పొట్టి కామతో జాగ్రత్త!

పెద్ద గొడ్డలే ప్రమాదం, చిన్నది కాదు అనుకుంటాం. నిజానికి పొడుగు కామ ఉన్న గొడ్డలి గురి తప్పితే చాలాసార్లు ముందున్న నేలలో దిగుతుంది. పొట్టి కామ ఉన్నది గుండ్రంగా తిరిగొచ్చి మోకాలికో పిక్కకో తగులుతుంది. అందుకే చిన్న గొడ్డలితో నిలబడి కొట్టకూడదు. మోకాళ్ల మీద కూర్చుని, కట్టెని ఒక మొద్దు మీద పెట్టి కొట్టాలి. అప్పుడు తప్పిన దెబ్బ మొద్దులోనో నేలలోనో దిగుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

కొనేముందు కామనీ చూడాలి. చెక్కలోని నార వాదరకి సమాంతరంగా, ఈ చివర నుంచి ఆ చివరకి సాగాలి. అడ్డంగా పోతే అక్కడే విరుగుతుంది. తిరుమాను లాంటి గట్టి, సాగే గుణమున్న కర్ర కామకి మంచిది. చీలిక కొట్టి బిగించే రకమైతే తల కదులుతోందేమో పనికి ముందు ప్రతిసారీ చూసుకోవాలి. వదులైతే నీళ్లలో నానబెట్టడం చాలామందికి అలవాటు. అప్పటికి బిగుస్తుంది కానీ ఆరాక ఇంకా వదులవుతుంది. కొత్త చీలిక కొట్టించుకోవడమే మేలు. పదును పోయినా ప్రమాదమే. మొండి వాదర కట్టెలో దిగకుండా పక్కకి జారుతుంది.

ఇంకోమాట. గొడ్డలి చేతిలో ఉంది కదా అని పచ్చని చెట్టు మీద వేయకండి. రిజర్వు అడవిలో చెట్టు నరకడం నేరం. సొంత పొలంలోనైనా చాలా రకాల చెట్లకు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. వంట వరకైతే ఇంటినుంచి తెచ్చుకున్న ఎండు కట్టెలు చాలు.

పిండికొద్దీ రొట్టె అన్నట్టు చేతికొద్దీ గొడ్డలి. దుకాణంలో బరువైనదాన్ని ఎత్తి మురిసిపోవడం కాదు... సాయంత్రానికి కట్టెలతోపాటు కాళ్లూ చేతులూ క్షేమంగా ఇంటికి చేరడం ముఖ్యం!