సీసం ధర ఒకచోట, షేరు లెక్క మరొకచోట: ఏ సాధనం దేనికి పనికివస్తుంది?

తిరుచానూరు: అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాలు ముగిసి, పంచమీతీర్థం రద్దీ సద్దుమణిగిన తర్వాత ఇక్కడి వర్తకుల చేతిలో కొంత సొమ్ము ఆడుతుంది. ఒకప్పుడు అది బంగారానికో, వడ్డీకో, బెల్లం నిల్వకో వెళ్ళేది. ఇప్పుడు అందులో కొంత షేర్ల వైపు, వాయిదా వ్యాపారం వైపు మళ్ళుతున్నది. దానితోబాటే ఫోనులో చూసే పరిశోధనా సాధనాలు పదింటికి పైగా చేరాయి. కొన్ని ఉచితం, కొన్నింటికి ఏటా చందా కట్టాలి. వీటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. సరకు ధర చూసేవారి అవసరం వేరు, కంపెనీ లెక్క చూసేవారి అవసరం వేరు. పొరుగునే ఉన్న కరకంబాడి బ్యాటరీ కంపెనీని తీసుకుంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

అమరరాజా సంస్థ 1985లో ఏర్పడింది. 2023లో అమరరాజా బ్యాటరీస్ అన్న పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. పేరుతోబాటు ఎన్.ఎస్.ఇ.లో దాని సంకేతం కూడా మారి ‘ఏ.ఆర్.ఇ. అండ్ ఎం.’ అయింది. బి.ఎస్.ఇ. సంఖ్య మాత్రం పాతదే, 500008. పాత సంకేతంతో జాబితా రాసుకున్నవారు కొన్నిచోట్ల ఖాళీ పుటను చూడవలసివస్తుంది. ఇది చిన్న విషయమే. కాని ఒక సాధనం పాత లెక్కలను కొత్త పేరు కింద సరిగా కలిపిందో లేదో చూడడానికి ఇదే మొదటి పరీక్ష. రెండవ పరీక్ష 2012 నాటి షేర్ల విభజన. ఆ ఏడు రెండు రూపాయల ముఖవిలువ గల షేరు రూపాయి షేర్లు రెండుగా విడిపోయింది. పటంలో ఆ చోట ధర ఒక్కరోజులో సగానికి పడిపోయినట్లు కనిపిస్తే, పాత ధరలను ఆ సాధనం సవరించలేదని అర్థం. అటువంటి పటం మీద గీతలు గీసి కొనుగోళ్ళు జరపడం ప్రమాదకరం.

ఈ కంపెనీ ముడిసరకులో ప్రధానమైనది సీసం. కనుక బ్రోకర్లు సీసం ధరనూ షేరు ధరనూ పక్కపక్కన పెట్టి చూస్తుంటారు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. లండన్ లోహ విపణి ధర టన్నుకు డాలర్లలో ఉంటుంది. బొంబాయిలోని ఎం.సి.ఎక్స్. ధర కిలోకు రూపాయలలో ఉంటుంది. ఉదాహరణకు టన్ను 2,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. సుంకాలు, రవాణా కలపకుండా కిలో 170 రూపాయలు పడుతుంది. లండన్‌లో ధర రెండు శాతం తగ్గి 1,960కి దిగింది, అదే సమయంలో రూపాయి బలహీనపడి డాలరు 86.70 అయింది అనుకుందాం. అప్పుడు కిలో ధర సుమారు 169.93. అంటే ఇక్కడ సరకు దాదాపు ఉన్నచోటనే ఉన్నది. లండన్ పటం ఒక్కటే చూసి, సీసం దిగింది గనుక బ్యాటరీ షేరు పెరగాలని లెక్క వేసినవారు రూపాయిని మరచిపోయినట్లే.

పాత బ్యాటరీలు కొని కరిగించేవారికి అమ్మే వర్తకుని సంగతి మరీ ముఖ్యం. ఆయనకు షేర్లతో పని లేదు, కిలో ధరతోనే పని. బ్యాటరీ బరువులో ప్లాస్టిక్, ఆమ్లం కూడా ఉంటాయి గనుక తుక్కు ధర సీసం ధరకు తక్కువగానే ఉంటుంది. ఆ తేడా మీదనే ఆయన లాభం ఆధారపడుతుంది. ఆయనకు కావలసిన సమాచారమంతా ఎం.సి.ఎక్స్. వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. చందా కట్టి కంపెనీల మార్కులు, జోస్యాలు కొనుక్కోవలసిన అవసరం లేదు. దానికి బదులు ప్రభుత్వ ప్రకటనల మీద కన్ను వేసి ఉంచాలి. 2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్‌లో సీసం తుక్కు దిగుమతి సుంకాన్ని పూర్తిగా మినహాయించారు. తుక్కు వ్యాపారానికి ఇటువంటి వార్త నెలరోజుల పటం కంటె ఎక్కువ విలువైనది.

వాయిదా బేరాలు చేసేవారికి మరొక గమనిక. ఎం.సి.ఎక్స్.లో సీసం పెద్ద కాంట్రాక్టు అయిదు టన్నులు, మినీ ఒక టన్ను. కిలోకు ఒక్క రూపాయి అటూఇటూ అయితే పెద్దదానిలో 5,000 రూపాయలు, మినీలో 1,000 రూపాయలు తేడా పడుతుంది. షేర్ల బజారు మధ్యాహ్నం 3.30కి మూసివేస్తారు. లోహాల వాయిదా బేరాలు రాత్రి 11.30 వరకు, శీతకాలంలో 11.55 వరకు సాగుతాయి. ధరను ఆలస్యంగా చూపే సాధనాలు కూడా ఉన్నాయి. ఆ విషయం ధర పక్కనే చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. షేరును ఏళ్ళ తరబడి ఉంచుకునేవారికి పావుగంట ఆలస్యం లెక్కలోనిది కాదు. రాత్రి పదింటికి బేరం తెంచుకోవలసిన వ్యక్తికి మాత్రం ఆ పావుగంటే నష్టం కావచ్చు.

ఇక కంపెనీ లెక్కల విషయం. సీసం ధర పెరిగితే లాభం అంతకంత తగ్గుతుందనుకోవడం కూడా సరికాదు. వాహన తయారీదార్లకు అమ్మే బ్యాటరీల ధరను, సీసం ధరను అనుసరించి కొంత వ్యవధి తర్వాత సవరించడం ఈ పరిశ్రమలో ఆనవాయితీ. ఆ వ్యవధిలో ఒక త్రైమాసికం లాభం తగ్గినట్లు కనిపించి మరుసటి త్రైమాసికంలో కోలుకోవచ్చు. కనుక ఒక్క త్రైమాసికం అంకెతో తృప్తిపడకుండా పదేళ్ళ లెక్కలు వరుసగా చూపే సాధనం కావాలి. ఈ పనికి స్క్రీనర్ వంటిది ఉచితంగానే చాలావరకు సరిపోతుంది. అయితే అందులో విడి లెక్కలు, అనుబంధ సంస్థలతో కలిపిన లెక్కలు అని రెండు రకాలున్నాయి. ఏది తెరచి ఉన్నదో చూసుకోవాలి. తెలంగాణలో మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలో 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన లిథియం సెల్ కర్మాగారం అనుబంధ సంస్థ పేరున నడుస్తున్నది. పదేళ్ళలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడిగా ప్రకటించిన పథకమది. విడి లెక్క చూసినవారికి ఆ కర్మాగారం ఖర్చు ఖర్చుగా కనిపించదు. ఒకే కంపెనీ గురించి ఇద్దరు బ్రోకర్లు రెండు అంకెలు చెప్పి వాదించుకుంటే, చాలాసార్లు కారణం ఇదే.

ట్రెండ్‌లైన్, టిక్కర్‌టేప్ వంటివి కంపెనీకి మార్కులు వేసి, విశ్లేషకులు ఊహించిన ధరలను కూడా ఇస్తాయి. వందల కంపెనీలను వడపోసి పది తేల్చుకోవడానికి ఇవి బాగా ఉపకరిస్తాయి. మార్కు ఎక్కువ ఉన్నదని కొనడం మాత్రం బస్తా మీది ముద్ర చూసి సరకు కొన్నట్లే ఉంటుంది. ట్రేడింగ్‌వ్యూ పటాలకు పెట్టింది పేరు. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అన్నది పటం చెప్పదు. 2023 జనవరి 30న చిత్తూరు జిల్లాలోని బ్యాటరీ కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగింది. ఆ నెలలోనే క్లారియోస్ సంస్థ తన వద్ద మిగిలిన సుమారు 14 శాతం వాటాను అమ్మివేసింది. పటంలో ఈ రెండూ ఒకే రకం కడ్డీలుగా కనిపిస్తాయి. ఒకటి ఆస్తినష్టం, రెండవది చేతులు మారిన వాటా. కర్మాగారం లాభంతో రెండవదానికి సంబంధమే లేదు. తేడా తెలుసుకోవడానికి బి.ఎస్.ఇ., ఎన్.ఎస్.ఇ. సైట్లలో కంపెనీ స్వయంగా దాఖలు చేసే ప్రకటనలు చదవడం ఒక్కటే మార్గం. అవి ఉచితం. చదవడానికి విసుగు పుట్టించే మాట నిజమే. అయినా మిగతా సాధనాలన్నీ లెక్కలు తెచ్చుకునేది అక్కడినుంచే.

చందా పుచ్చుకుని ఫలానా షేరు కొనండి, ఫలానా వాయిదా అమ్మండి అని ఫోనుకు సందేశాలు పంపేవారి సంగతి వేరు. డబ్బు తీసుకుని సిఫారసు చేసేవారు 2014 నిబంధనల కింద సెబి వద్ద రిజిస్టరు చేసుకుని ఉండాలి. వారి సంఖ్య ‘ఐ.ఎన్.హెచ్.’ అక్షరాలతో మొదలవుతుంది. దానిని సెబి సైటులో సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. సంఖ్య ఉన్నంత మాత్రాన లాభానికి పూచీ ఉన్నట్లు కాదు, లాభం ఖాయమని చెప్పే అధికారం వారికీ లేదు. షేర్ల డెరివేటివ్ బేరాలలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో వ్యక్తిగత వ్యాపారులు నూటికి 93 మంది నష్టపోయినట్లు సెబి 2024 సెప్టెంబరులో వెల్లడించింది. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా ఉన్నది. వీరి ఫోన్లలోనూ పటాలూ మార్కులూ ఉండే ఉంటాయి.

చందా కట్టదలచినవారు ఒక త్రైమాసికం ఆగి చూడడం మంచిది. ఉచిత సాధనాలతోనే ఒక కంపెనీని, ఒక సరకును వెంటాడి, ఏ సమాచారం అందక ఇబ్బంది కలిగిందో పుస్తకంలో రాసుకుంటే, దేనికి డబ్బు పెట్టాలో దానంతట అదే తేలుతుంది. కంపెనీలు త్రైమాసికం ముగిసిన 45 రోజులలోగా ఫలితాలు, 21 రోజులలోగా వాటాదార్ల వివరాలు దాఖలు చేయాలి. మార్చి త్రైమాసికంతో కలిపి వచ్చే సాలుసరి లెక్కలకు గడువు 60 రోజులు. ఆ ప్రకారం డిసెంబరు త్రైమాసికం వాటాదార్ల పట్టిక జనవరి 21కి, ఫలితాలు ఫిబ్రవరి 14కి బజారుకు అందాలి.