సెకనుల సాక్ష్యము

మోటారు ప్రమాదము జరిగిన పిమ్మట "నేను ఫోను ముట్టనే లేదు" అని డ్రైవరు చెప్పుట వింత కాదు. గాయపడినవారు నష్టపరిహారము కోరవలెనన్నచో దానిని కాదని నిరూపింపవలెను. ఆ క్షణమున అతని చేతిలో ఫోను ఉన్నదో లేదో చూచిన సాక్షి తరచుగా దొరకడు. అప్పుడు న్యాయస్థానము దేనిని నమ్మవలెను?

2009 సెప్టెంబరు 21వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఒక యువకుడు నడుపుచున్న పికప్ ట్రక్కు రోడ్డు మధ్యగీత దాటి, ఎదురుగా మోటారు సైకిలుపై వచ్చుచున్న దంపతులను ఢీకొన్నది. ఇద్దరును చెరియొక కాలు పోగొట్టుకొనిరి. టెలిఫోను లెక్కలు తెప్పించి చూడగా, యువకుడు తన స్నేహితురాలికి సందేశము పంపిన సమయమునకును, సహాయమునకై 911కు ఫోను చేసిన సమయమునకును మధ్య 17 సెకనులు మాత్రమే ఉన్నవి. ఆ 17 సెకనులలోనే అతడు బండి నిలుపవలెను, క్షతగాత్రులను చూడవలెను, నంబరు నొక్కవలెను. వీనికి పట్టిన కాలమును తీసివేయగా మిగిలినది ఎంత? సందేశము పంపిన కొద్ది సెకనులలోనే ప్రమాదము జరిగినదని భావింపవచ్చునని అప్పీలు కోర్టు 2013లో అభిప్రాయపడినది. హైస్కూలు విద్యార్థి చేయగల తీసివేత ఇది. అయినను చూచినవాని జ్ఞాపకము కంటె గట్టిది.

కొద్ది సెకనులే గదా అనిపించవచ్చును. గంటకు 90 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 25 మీటర్లు. రెండు సెకనులు కన్ను ఫోనుపై నిలిచినచో 50 మీటర్ల రోడ్డు చూడకయే గడచిపోవును.

అయితే కంపెనీ లెక్క అన్నియు తెలుపదు. సంభాషణలకును, ఎస్.ఎం.ఎస్.లకును వేళ అందు నమోదగును. వాట్సప్ వంటి సందేశములు మాత్రము వట్టి డేటా రాకపోకలుగా కనబడును. అది జేబులోని ఫోను తనంత తానే తెప్పించుకొన్న డేటా కావచ్చును. వచ్చిన సందేశమెల్ల చదివిన సందేశము కాదు గదా! కావున నిపుణులు ఫోనునే పరీక్షించి, తెర ఎప్పుడు తెరవబడినది, ఏ అప్లికేషను నడచినది చూతురు. 2018 మార్చిలో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ వద్ద ఒక టెస్లా కారు ప్రమాదమునకు గురియైనపుడు, డ్రైవరు ఫోనులో ఒక ఆట నడచుచుండెనని ఇట్టి పరీక్షలో తేలినది. అతడు ఫోనును చేత పట్టుకొని యుండెనా అన్నది మాత్రము తేలలేదు.

కారులోను ఒక నమోదు యంత్రముండును. 2006 నాటి అమెరికా నియమము ప్రకారము అట్టి యంత్రము ఢీకొనుటకు ముందు 5 సెకనుల వేగమును, బ్రేకు నొక్కినదియు లేనిదియు దాచవలెను. బ్రేకు పడనేలేదన్నచో డ్రైవరు ముందు చూడలేదని ఊహింపవచ్చును. కాని కునుకు తీసినవాడును బ్రేకు నొక్కడు. పైగా ఈ యంత్రములో గడియారపు వేళ సాధారణముగా ఉండదు. "ఢీకొనుటకు 3 సెకనుల ముందు" అన్న రీతిగానే చెప్పును. ఫోనులో వేళ ఉన్నది, ఢీకొన్న క్షణము లేదు. ఈ రెండింటిని ఒకే కాలరేఖపైకి తెచ్చుటయే అసలు కష్టము. దారిలోని కెమెరాయో, 911 పిలుపో వంతెనగా పనికివచ్చును. వాని గడియారములలో తేడా ఉన్నచో ముందు దానిని కొలిచి సవరింపవలెను. సెకనులతో వాదించునపుడు అర నిమిషపు తప్పు కేసునే తారుమారు చేయును.

న్యూజెర్సీ దంపతులు సందేశములు పంపిన స్నేహితురాలిపైనను దావా వేసిరి. డ్రైవరు బండి నడుపుచునే చదువునని తెలిసి పంపినచో పంపినవారును బాధ్యులు కావచ్చునని కోర్టు అంగీకరించినది. ఆమెకు అది తెలియునని చూపు ఆధారము లేనందున ఆమెపై దావా నిలువలేదు.