ఎర, మంచె, బోను: శంషాబాద్ పరిసరాలలో చిరుత సంచారం – పశువుల రక్షణ

2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున గొల్లపల్లి వైపున ఒక చిరుతపులి ప్రహరీ దూకి శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలో ప్రవేశించింది. అటవీశాఖ కెమెరాలను అమర్చి, మేకలను ఎరగా ఉంచి బోనులను ఏర్పాటు చేసింది. అయినా ఆ చిరుత మే 3 నాటికి గాని పట్టుబడలేదు. అనంతరం దానిని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కు తరలించారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 మే 14న మైలార్‌దేవ్‌పల్లి రహదారిపై కనిపించిన చిరుత గాలింపు బృందాలను తప్పించుకుపోయింది. ఆ ఏడాది అక్టోబరు 11న రాజేంద్రనగర్‌లోని వాలంతరి సమీపంలో ఒక చిరుత బోనులో పడింది. ఎదుట మేక ఉన్నా చిరుత బోనులోకి రావడానికి ఎందుకు జాగు చేస్తుంది? రావిర్యాల, మహేశ్వరం, శంషాబాద్ గ్రామాల పాడి రైతులకు ఈ ప్రశ్న అవసరమైనది.

మంచె మీది వేట

జొన్న చేనులో పిట్టలను, పందులను తోలడానికి రైతు వేసుకునే మంచెనే పూర్వం వేటగాళ్లు చిరుత కోసం చెట్టుపై కట్టుకొనేవారు. కింద గుంజకు మేకను కట్టి, రాత్రంతా కదలకుండా కూర్చునేవారు. చిత్తూరు అడవుల్లోని చామల లోయ ప్రాంతంలో వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ రచనలలో ఈ పద్ధతి వివరంగా కనిపిస్తుంది. చిరుత వేటలో వాసన కంటే చూపును, వినికిడిని ఎక్కువగా నమ్ముకుంటుంది. ఒంటరి మేక అరుపు దానిని రప్పిస్తే, మంచె మీది చిన్న దగ్గు దానిని వెనక్కి పంపుతుంది. తాను చంపిన పశువు వద్దకు మరుసటి రాత్రి తిరిగి రావడం దాని అలవాటు కనుక, ఆ కళేబరమే మరింత నమ్మకమైన ఎర అయ్యేది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ వేటకు ముగింపు పలికింది. ఎర వేయడం, ఉచ్చు పన్నడం, విషం పెట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటయే. చిరుత మొదటి షెడ్యూలులోని జంతువు. పశువును చంపిందన్న కారణంతో దానిని చంపే హక్కు ఎవరికీ లేదు.

బోను – దాని పరిమితులు

నేటి బోనులో రెండు అరలుంటాయి. వెనుక అరలో మేక భద్రంగా ఉంటుంది. ముందు అరలో చిరుత పలకపై అడుగు వేయగానే తలుపు జారిపడుతుంది. చిరుత నడిచే దారిలో ఉంచి, కొమ్మలతో కప్పి, నేలపై మట్టి పరిస్తేనే అది పనిచేస్తుంది.

అయితే బోనులోని మేకకు పోటీ బయటే ఉంటుంది. వీధికుక్కలు, ఆరుబయట కట్టిన దూడలు, ఊరి చివర పారవేసిన కళేబరాలు సులభంగా దొరుకుతున్నప్పుడు చిరుత ఇనుప గదిలోకి ఎందుకు రావాలి? చిరుతను ఊరి దాపుకు రప్పించేదీ ఈ ఆహారమే. అంటే బోను రాకముందే మనం తెలియకుండా ఎర వేసి ఉన్నాము.

పట్టి తరలించడం శాశ్వత పరిష్కారం కాదు. ఒక చిరుత ఖాళీ చేసిన తావును మరొకటి ఆక్రమించవచ్చు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో విద్యా ఆత్రేయ, సహ పరిశోధకులు జరిపిన అధ్యయనంలో, పెద్ద ఎత్తున చిరుతలను పట్టి వదిలిన తరువాత మనుషులపై దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగినట్లు తేలింది.

రైతులు పాటించవలసిన మెలకువలు

• దూడలను, మేకలను, గొర్రెలను రాత్రివేళ పైకప్పు, నాలుగువైపులా ఇనుప జాలి, గట్టి తలుపు ఉన్న కొట్టంలో ఉంచాలి. ముళ్లకంప దడిని చిరుత తేలికగా దూకగలదు.

• కొట్టం చుట్టూ పొదలను తొలగించాలి. పైకి ఎక్కడానికి వీలిచ్చే కొమ్మలను నరకాలి.

• వ్యాధితో చనిపోయిన పశువును, కోళ్ల వ్యర్థాలను సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

• చిరుత పశువును చంపితే కళేబరాన్ని కదపకుండా వెంటనే అటవీ సిబ్బందికి, పశువైద్యాధికారికి తెలపాలి. వారి పరిశీలన జరిగితేనే పరిహారానికి ఆధారం ఉంటుంది. అది ముగిశాక వారి సూచన మేరకు కళేబరాన్ని తొలగించాలి.

• కళేబరంపై పురుగుమందు గుళికలు చల్లరాదు. అది నేరం, అంతేగాక కుక్కలు, గద్దలు, నక్కలు కూడా దానికి బలి అవుతాయి.

• బోను పెట్టిన చోటికి జనం గుంపుగా వెళ్లరాదు. పూర్వం మంచె మీద పాటించిన మౌనం నేడు ఊరంతా పాటించాలి.

రావిర్యాలలో 2023 అక్టోబరులో విజయ మెగా డెయిరీ ప్రారంభమైంది. చిన్న రైతుకు ఒక పెయ్యదూడ పోతే రాబోయే ఏళ్ల పాడి పోయినట్లే. కొట్టానికి వేసే జాలి ఖర్చు ఆ నష్టంతో పోల్చి లెక్కించవలసినది. ఊరి చుట్టూ సులభమైన తిండి లేకుంటే చిరుత ఆగకుండా సాగిపోయే అవకాశం పెరుగుతుంది. ఆగినా, బోనులోని మేకకు అప్పుడు పోటీ ఉండదు.