చీకటి నీళ్లలో ఇళ్లస్థలాలు!

నల్లపాడు చుట్టుపక్కల మిర్చి చేలగట్ల మీద నీళ్ల డ్రమ్ములు కనిపిస్తుంటాయి. ఓ వారం కడగకుండా వదిలేసి లోపలి గోడకు వేలు రాయండి. జర్రున జారుతుంది. పాకుడు! దానికి విత్తనం వేసిందెవరు? ఎవరూ లేరు. తడి, గట్టి గోడ ఉంటే చాలు, కాపురం పెట్టేవాళ్లు వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. సముద్రంలోనూ అంతే. కాకపోతే వెలుగు సరిగా అందని లోతుల్లో ఈ కాపురాల కథ ఇంకాస్త విచిత్రంగా ఉంటుంది.

మిర్చి నల్లబడే లోతు

1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి వేళ పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం దగ్గర మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. ఆపదలో ఉన్న జలాంతర్గాముల సిబ్బందిని కాపాడే ప్రత్యేక వాహనంతో భారత నౌకాదళం ఆ శకలాలను గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సుమారు 100 మీటర్ల లోతున ఉందని ఆ వార్తల సారాంశం. చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు.

అంత లోతులో ఏం కనిపిస్తుంది? ఎండలోని ఎరుపు మొదటి పది మీటర్లలోనే చాలావరకు ఇంకిపోతుంది. మన గుంటూరు మిరపకాయను అక్కడికి తీసుకెళితే నల్లగా కనిపిస్తుంది! తేటనీటి మహాసముద్రంలోనే 100 మీటర్లకు చేరే వెలుగు నూటికి ఒక వంతు. నదుల ఒండ్రు కలిసే మన తీరంలో ఇంకా తక్కువ. అంత మసకలో నాచు పెరగడం కష్టం. అలాగని మునిగిన ఇనుము ఖాళీగా ఉండిపోతుందా అంటే, అదీ లేదు.

ముందు జిగురు, తర్వాత ఇల్లు

సముద్రంలో ఏ గట్టి వస్తువు పడినా వరస ఒకటే. నీటిలో కరిగి ఉన్న మాంసకృత్తుల తునకలు నిమిషాల్లో దానిమీద పలచని పొరగా పరుచుకుంటాయి. గంటలు గడిచేసరికి బ్యాక్టీరియా దిగుతుంది. చుట్టూ జిగురు స్రవించి స్థిరపడుతుంది. ఆ పాకుడు పొరే తర్వాత వచ్చేవాళ్లకు ఆహ్వానం.

పడవల అడుగున అంటుకుని చేతికి గీరుకునే తెల్లటి గుల్లలు చూశారుగా? వాటిని బార్నకిల్స్ అంటారు. వీటి పిల్లలు మొదట నీటిలో ఈదుతూ తిరుగుతాయి. స్థలం వెతికే దశలో తిండి కూడా మానేస్తాయి. మీసాల్లాంటి కాళ్లతో నడుస్తూ, ఇక్కడ తాకి అక్కడ తాకి పరీక్షిస్తాయి. నచ్చిందంటే తల కిందికి పెట్టి సిమెంటు పోసుకుంటాయి. అంతే, జన్మంతా అక్కడే! అందుకే ఆ ఎంపిక వాటికి చావుబతుకుల సమస్య.

మసక లోతుల్లో నాచు లేకపోతే గెలిచేది ఇలాంటి జంతువులే. స్పాంజీలు, మెత్తటి పగడాలు, పువ్వుల్లాంటి హైడ్రాయిడ్లు ప్రవాహం మోసుకొచ్చేదాన్ని, పైనుంచి రాలే చనిపోయిన జీవుల ముక్కలను పట్టుకు తింటాయి. లోతు పెరిగేకొద్దీ తిండీ తగ్గుతుంది, వచ్చే పిల్లలూ తగ్గుతాయి. కాబట్టి అక్కడ ఊరు కట్టడం నెమ్మది. ఎటు చూసినా బురదే ఉన్నచోట మునిగిన ఓడ అంటే, నడిమధ్య దొరికిన మెరక స్థలమే.

మైలుతుత్తం యుద్ధం

వీటికి ఇల్లయింది మనకు ఖర్చు. ఓడ అడుగు గరుకెక్కితే వేగం పడిపోతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. 1761లోనే బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌకకు రాగిరేకులు తొడిగింది. నేటికీ ఓడల రంగుల్లో రాగి ఉంటుంది. మిర్చి నారుమడి కుళ్లకుండా మన రైతు వాడేదీ రాగి మందేగా! తర్వాత ట్రైబ్యూటైల్ టిన్ అనే మందు కలిపిన రంగులొచ్చాయి. అవి ఓడలను కాపాడాయిగానీ, ఆడ నత్తల్లో మగ అవయవాలు పెరిగేలా చేశాయి. ఆ రంగులను నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. పురుగుమందుతో మిత్రపురుగులూ పోయిన పత్తి చేను చూసినవారికి ఈ కథ కొత్త కాదు.

అలాగని ఊరుకుంటే మరో చిక్కు. కరీబియన్ ప్రాంతపు చిన్న ఆల్చిప్ప ఒకటి 1967లో విశాఖ రేవులో కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు దానిపై 1971లో వ్యాసం ప్రచురించారు. అదే జాతి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవుల్లో బయటపడితే అక్కడివాళ్లు ఆ రేవుల గేట్లు మూసి, క్లోరిన్, మైలుతుత్తం పోసి నిర్మూలించారు. వాటితోపాటు రేవులోని మిగతా ప్రాణులూ పోయాయి.

రేవులో మనం గీకి పారేస్తున్నదీ, లోతున ముట్టుకోకుండా వదిలేస్తున్నదీ ఒకే ప్రయత్నాన్ని: గట్టి చోటు వెతుక్కుని నిలదొక్కుకోవడం. ఘాజీని మనుషులు సమాధిగా వదిలేశారు. సముద్రానికి ఆ సంగతి తెలియదు. దాని లెక్కలో అదీ ఓ ఇళ్లస్థలమే.