ఆటలో అందరికీ చోటు



1895లో వాలీబాల్ ఆట పుట్టింది అమెరికాలోని వై.ఎం.సి.ఎ.లోనే. సంఘానికి ఆటలు కొత్త కాదు. 5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయితే స్నేహం దానంతట అదే కలగదు. జట్లను పిల్లల నాయకులే ఎంచుకుంటే, ప్రతిసారీ అదే బిడ్డ చివరికి మిగిలిపోతుంది. ఆ బిడ్డకు సండేస్కూలుకు రావాలన్నా మనసు రాదు. కాబట్టి చీట్లు వేసి జట్లు చేయండి. ఉబ్బసం ఉన్న బిడ్డను పక్కన కూర్చోబెట్టకండి. డాక్టరు సలహాతో, ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకొని ఆడవచ్చు. పడినవారికి అవతలి జట్టువారే చేయి అందించాలని నేర్పండి. మంచి సమరయుని ఉపమానం వారికి అక్కడే అర్థమవుతుంది.

ఇంటికి వచ్చిన బిడ్డను "గెలిచావా?" అని కాదు, "ఈ రోజు ఎవరితో ఆడావు?" అని అడగండి.