కారు చక్రముల జీర్ణోద్ధరణ

ప్రతి ఉదయము మన బడి వాకిట పిల్లలను దింపి వెళ్లు కార్లలో పెక్కింటికి వెండివలె మెరయు చక్రములు కనబడుచున్నవి. వీనిని వాడుకలో అల్లాయ్ వీల్సు అందురు. బాట అంచురాతికి రాసుకొనియో, గుంతలో పడియో ఇవి చెడినప్పుడు, క్రొత్తవి కొనుటయా, పాతవానినే బాగుచేయించుటయా అను ప్రశ్న గృహస్థునకు కలుగుచుండును. ఈ విషయమున లెక్కింపవలసినది సొమ్మొక్కటియే కాదని మా మనవి.

ఈ చక్రములలో పెక్కు పోతపోసినవి. అల్యూమినియములో నూటికి సుమారు 7 పాళ్లు సిలికాను, మిక్కిలి కొలదిగా మెగ్నీషియము చేర్చి కరగించి మూసలలో పోయుదురు. 1924లో ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున జరిగిన పందెములో బుగాటి వారి 35వ రకపు కార్లు ఇట్టి పోత చక్రములతోనే పరుగిడినవి. అల్యూమినియము బరువు ఉక్కులో సుమారు మూడవ వంతు. అయితే పోత మాత్రముచేత తగిన బలము రాదు. చక్రమును సుమారు 540 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని గంటలుంచి, తటాలున చల్లార్చి, మరల 150 నుండి 180 డిగ్రీల మధ్య కాచుదురు. కమ్మరి కత్తికి పదును పెట్టినట్లే, ఈ పదునుచేతనే దానికి గట్టిదనము అబ్బును. ఈ సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

చక్రమునకు కలుగు చేటు రెండు విధములు. మొదటిది పైపూతకు కలుగునది. గీతలు పడి వార్నిషు చిట్లినచోట తేమ దూరి, పూతక్రింద తెల్లని తీగలవలె ప్రాకి, పొరలు లేపును. చెన్నపురి, యానాము వంటి సముద్రసమీప పట్టణములలో ఉప్పుగాలివలన ఇది మరింత త్వరగా జరుగును. బ్రేకులనుండి రాలు వేడిపొడియు పూతకు శత్రువే. దీనికి చికిత్స సులభము. టైరు విప్పి, పాతరంగు తొలగించి, గీతలను అరగదీసి చదునుచేసి, అడుగుపూత, రంగు, దానిపై పారదర్శకమైన వార్నిషు వేయుదురు. కొందరు రంగుపొడిని చల్లి, 180 నుండి 200 డిగ్రీల పొయ్యిలో కాచుదురు. ఆ వేడిగాని కాలముగాని హద్దు మీరినచో లోహపు పదును సడలును. వజ్రపు మొనగల పనిముట్టుతో లేతుపై చెక్కి అద్దమువలె మెరయించిన చక్రములును కలవు. చెక్కినప్పుడెల్ల కొంత లోహము పోవును గనుక వీనిని కొన్నిమారులు మాత్రమే అట్లు చేయింపవచ్చును.

రెండవది లోహమునకే కలుగునది. అంచు కొలదిగా వంగినచో నేర్పరులు యంత్రపు ఒత్తిడితో సరిచేయుదురు. బలమైన మంటతో కాచుట మాత్రము ప్రమాదము. ఇనుము కాగినకొలది ఎఱ్ఱబడి హెచ్చరించును. అల్యూమినియము పగటివెలుగున అట్టి గుర్తేమియు చూపకయే మెత్తబడును. ఇక పగులు విషయము. వెల్డింగుచే అతికినచోట లోహము కరగి మరల గడ్డకట్టును. చుట్టుపట్ల పదును పోవును. పైకి అతుకు కనబడకున్నను బలము తిరిగి రాదు. అందుచేత చక్రపు ఆకులందుగాని, నడిబొడ్డునగాని, బోల్టు రంధ్రములకడగాని పగులున్నచో ఆ చక్రమును మానుకొనుటయే క్షేమము.

ఒకమారు ఒక మిత్రుని కారు టైరులో మూడుదినముల కొకసారి గాలి తగ్గిపోవుచుండెను. పంక్చరు కానరాలేదు. చక్రమునకు అంతకుముందే క్రొత్తరంగు వేయించియుండిరి, చూచువారు మెచ్చుకొనుచుండిరి. టైరు విప్పించి చూడగా లోపలి అంచున వెంట్రుకవంటి పగులు కనబడినది. దానిని రంగు కప్పివేసినది. పైన పటారము, లోన లొటారము అనుమాట మాకు నాడు గుర్తువచ్చినది. ఆ చక్రముపైననే అన్నిదినములు పిల్లలు బడికి పోయివచ్చిరి!

కావున చక్రమును బాగుచేయ నిచ్చువారు కొన్ని ప్రశ్నలు వేయవలెను. టైరు పూర్తిగా విప్పి లోపలివైపు చూచిరా? రంగు వేయకముందే పగుళ్లకై పరీక్షించిరా? ఎఱ్ఱని ద్రవము పూసి తుడిచి, తెల్లని పొడి చల్లినచో పగులులో నిలిచిన ఎరుపు పైకి ఉబికి గీతవలె కనబడును. చక్రమును త్రిప్పి వంకర కొలిచిరా? టైరు తొడిగినపిదప బరువు సమముగా తూచిరా? నట్టులను వరుసగా గాక ఎదురెదురుగా, కొలతగల పానాతో బిగించిరా? 50 నుండి 100 కిలోమీటర్లు నడిచినపిదప ఆ బిగువును మరల చూపించుకొనవలెను. ఇంట కడుగునప్పుడు కాస్టిక్ సోడాగాని, ఘాటైన ఆమ్లములుగాని వాడరాదు. అవి అల్యూమినియమును తినివేయును. సబ్బునీరు చాలును.

పగిలిన చక్రమును పారవేయుటకు మనసొప్పనివారికి ఒకమాట. అది వృథా పోదు. ఖనిజమునుండి క్రొత్త అల్యూమినియము తీయుటకు పట్టు శక్తిలో నూటికి సుమారు 5 పాళ్లతోనే పాతదానిని కరగించి మరల వాడవచ్చును. పగిలినదానికి తగినచోటు కరగించు కొలిమియే గాని, మన పిల్లలు కూర్చుండు బండి కాదు.